చింతచెట్టు కింది సారా అంగడి

కావలిలో కలిగిరి బస్సెక్కి కిటికీ పక్కన చోటు సంపాదించిన మనిషికి, జలదంకి దాటాక నేల రంగు మారడం కనిపిస్తుంది. అంతదాకా కాలవ నీళ్ళూ, వరి మళ్ళూను. ఆ తరువాత మెట్ట. ఎర్ర నేలలు, పొగాకు బారన్లు, వాన పడిన ఏడు నిండుగానూ పడని ఏడు బీడుగానూ కనిపించే చెరువులు, ఆ చెరువు కట్టల మీద వరసగా తాడిచెట్లు. ఇంకా పడమటికి పోతే వింజమూరు, దుత్తలూరు, ఆపైన ఉదయగిరి దుర్గం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి దండెత్తి, నెలల తరబడి ముట్టడి వేసి, 1514లో చేజిక్కించుకున్న దుర్గం అది. దాన్ని చూడటానికి పోయేవాళ్ళున్నారు. కలిగిరిలో మాత్రం పొగాకు వేలం పనిమీదనో, చుట్టాలను పలకరించడానికో తప్ప ఎవరూ దిగరు. నేను దిగింది ఒక సారా అంగడిని చూడటానికి.

తొందరపడి నన్ను అపార్థం చేసుకోకండి. ఆ అంగడిలో చుక్క సారా అమ్మి ముప్ఫయ్యేళ్ళు దాటింది. నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. కాఫీ తప్ప వేరే వ్యసనం లేనివాణ్ణి. కలిగిరికి గంట నడక దూరంలో మా అమ్మ పుట్టిన వూరు వుంది. ఆ వూరి పేరు చెప్పను. చెబితే ఇందులో వచ్చే మనుషులను చుట్టుపక్కల వాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. మా అత్తకు అది ఇష్టం వుండదు.

వూరి బయట, చెరువు కట్ట దిగేచోట ఒక పెద్ద చింతచెట్టు. దాని కింద ఒంటిగది కొట్టు. ముందర రాతిబండలు పరిచిన పంచ. ఇప్పుడు కప్పు లేదు, తలుపు లేదు. గోడ మీద సున్నం పెచ్చులు వూడి, ఆ కింద ఎర్రమట్టి కనిపిస్తున్నది. చిన్నతనంలో వేసవి సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ దారిన పోవద్దని మాకు ఆంక్ష. పగలు తాగుబోతులుంటారనీ, రాత్రి దెయ్యాలుంటాయనీ చెప్పేవాళ్ళు. ఇరవై నాలుగ్గంటల్లో ఆ చోటు ఖాళీగా వుండే వేళే లేదన్నమాట!

ఈసారి నన్ను అక్కడికి తీసుకుపోవడానికి పక్కింటి కుర్రవాడొకడు తోడు వచ్చాడు. ఆరో తరగతి చదువుతున్నాడు. చింతచెట్టు ఇంకా యాభై గజాలుందనగా ఆగిపోయి, "మీరు పోయి చూసుకోని రండి సార్, నేను ఈడ్నే వుంటా" అన్నాడు.

"ఎందుకోయ్, పట్టపగలే గదా?"

"ఆడ ఆడదెయ్యాలుండాయంట సార్. ఒగటి గాదు, చానా వుండాయంట. జుట్టు ఇరబోసుకోని, నడిమధ్యన లాంతరు పెట్టుకోని పంచలో కూర్చోనుంటాయంట. తాగినోడు పోతే పట్టుకుంటాయంట. తాగనోణ్ణి ఏమీ చెయ్యవంట."

"మరి నువ్వు తాగవు గదా, నీకెందుకు భయం?"

వాడు కొంచెం ఆలోచించి, "వాటికి తెలీదు గదా సార్" అన్నాడు.

ఈ లాంతరు దెయ్యాల కథ నేను చిన్నప్పుడు వినలేదు. మా కాలపు దెయ్యాలు వేరు. నేనెరగకుండా ఈ ముప్ఫయ్యేళ్ళలో ఆ చెట్టు మీదికి కొత్త దెయ్యాలు కాపురానికి వచ్చాయన్నమాట. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను.

సారా కొట్టుకూ దెయ్యానికీ చుట్టరికం ఏమిటని పాఠకులు అడగవచ్చు. ఇంగ్లండులో పాత పబ్బులవాళ్ళు తమ ఇంట్లో ఫలానా దెయ్యం వుందని గొప్పగా చెప్పుకుంటారట. అందువల్ల బేరం పెరుగుతుందట. ఆ దేశంలో అటువంటి చోట్లకు పరువు వుంది. చాసర్ మహాకవి తన కాంటర్‌బరీ యాత్రికులనందరినీ ముందుగా ఒక సత్రంలోనే, టబార్డ్ అనే పానశాలలోనే, కలిపాడు గదా. మన క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు తిరిగినవాళ్ళకు పూటకూళ్ళ ఇల్లు దొరికింది. సారా దుకాణాన్ని నాటకంలోకి తెచ్చి, అందులో బైరాగి చేత తత్వాలు పాడించిన ఘనత మాత్రం గురజాడవారిది. ఆ కన్యాశుల్కంలోనే దెయ్యాన్ని సీసాలో బిగించే గవరయ్య కూడా వున్నాడు. సీసా, దెయ్యం అనే రెండు మాటలను ఆయన వూరికే దగ్గర చేర్చలేదని నా అనుమానం. క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆ కొట్టు మొదట కల్లు అంగడి. పట్నంలో పెరిగిన పాఠకులకు కల్లూ సారా ఒకటే అనిపించవచ్చు, కాదు. గీసేవాడు మోకు వేసుకుని తాడిచెట్టెక్కి, గెల కొసను పలచగా చెక్కి, లొట్టి కట్టి దిగివస్తాడు. రాత్రంతా బొట్టుబొట్టుగా కారి తెల్లవారేసరికి లొట్టిలో తీయని నీరు చేరుతుంది. లొట్టి లోపల ముందుగానే సున్నం పూసివుంటే అది పులవకుండా నీరాగా నిలుస్తుంది. చంటిపిల్లకు కూడా పట్టవచ్చు. సున్నం లేకపోతే చెట్టు మీద వుండగానే పులవడం మొదలుపెట్టి, పొద్దెక్కేకొద్దీ నురగ కట్టి కల్లవుతుంది. సాయంత్రానికి పుల్లగా, మరునాటికి నోట పెట్టరానిదిగా అవుతుంది. అంటే కల్లు ఆ చెట్టుదీ, ఆ వూరిదీ, ఆ పూటదీ. మా మెట్టలో చలికాలం ఈతచెట్లు, ఎండాకాలం తాడిచెట్లు. తాళ్ళలో మళ్ళీ పోతుతాడు వేరు, పెంటితాడు వేరు. ఇవన్నీ తెలిసినవాడే గీతగాడు.

సారా అట్లా కాదు. అది కాచి దించింది. ఎన్నాళ్ళయినా చెడదు, ఎంత దూరమైనా పోతుంది, లెక్కకు అందుతుంది. తూచి పన్ను వేయడానికి దొరలకు ఇంతకంటే అనుకూలమైన వస్తువు ఏముంటుంది? 1886లో చెన్నపట్నం ప్రభుత్వం అబ్కారీ చట్టం చేసింది. గీసే ప్రతి చెట్టుకూ పన్ను, ప్రతి అంగడికీ ఏటా వేలంపాట. పాడుకున్నవాడు కట్టిన సొమ్ము తిరిగి రాబట్టుకోవాలంటే వూళ్ళో తాగేవాళ్ళు పెరగాలి. మా తాత తరంవాళ్ళు ఈ కిటుకు తెలిసినవాళ్ళే. "పాటదారుడు వచ్చినాక దాహం వచ్చె" అనేవారట.

1921 ఏప్రిల్‌లో గాంధీగారు నెల్లూరు జిల్లాకు వచ్చి పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించారు. కల్లు మానండనే మాట అప్పటినుంచీ ఈ జిల్లాలో గట్టిగా వినిపించింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948కి రాష్ట్రమంతా పరుచుకుంది. ఆంధ్రరాష్ట్రం వచ్చాక ఆ నిషేధం సంగతి తేల్చలేకనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఒక్క ఓటు! కల్లుముంత ఒక మంత్రివర్గాన్ని దించిందని ఆ రోజుల్లో మావాళ్ళు నవ్వుకున్నారట.

ఆ నిషేధపు రోజుల్లోనే మా చింతచెట్టు అంగడి మూతపడింది. దెయ్యాలు మొదలయిందీ అప్పుడే. ఈ సంగతి నాకు చెప్పిన పెద్దాయన వయసు ఆయనకే తెలియదు. చెరువు అవతల వాగులో రాత్రిపూట మంటలు కనిపించేవట. నోట్లో నిప్పు పెట్టుకుని కొరివిదెయ్యం తిరుగుతున్నదని వూరంతా వణికేవారట. నేను, "మీరు చూశారా తాతా?" అని అడిగాను.

ఆయన అటూ ఇటూ చూసి, ఏడు పదుల నాటి రహస్యం ఇప్పుడు బయటపడితే పోలీసులు వస్తారేమోనన్నట్టుగా గొంతు తగ్గించి, "చూసేదేంది అయ్యోరా, ఆ మంట పెట్టింది మేమే గదా. నల్లబెల్లం, తుమ్మచెక్క నానబెట్టుకోని రేత్రిళ్ళు కాస్తా వుంటిమి. ఎవురూ రాకుండా వుండాలంటే కొరివిదెయ్యాన్ని మించిన కావిలి ఏముంది?" అన్నాడు.

"ఎవరూ అనుమానపడలేదా?"

"దెయ్యం పక్కనించి బెల్లం పాకం వాసన వస్తా వుంటే అనుమానం రాకుండా వుంటదా? వచ్చినోళ్ళు వచ్చి తాగి పోతా వుండిరి."

1960ల చివర నిషేధం సడలింది. వేలంపాటలు మళ్ళీ వచ్చాయి. చింతచెట్టు కింది కొట్టు ఈసారి సారా అంగడిగా తెరుచుకుంది. ఆ కాలపు దెయ్యాలు నాకు బాగా తెలుసు. మా అవ్వ చెప్పగా విన్నవి. ఒకటి కొలత దెయ్యం. బతికివున్నప్పుడు బొటనవేలు లోపల పెట్టి కొలిచి జనాన్ని మోసం చేసిన అంగడివాడట. చచ్చాక రాత్రంతా కొలుస్తూ వుంటాడు. ఎంత పోసినా కొలపాత్ర నిండదు. దాటిపోయేవాణ్ణి పిలిచి, "నిండిందా చూడు" అని అడుగుతాడు. నిండలేదంటే ఏడుస్తాడు, నిండిందంటే పట్టుకుంటాడు. రెండోది గుగ్గిళ్ళ అవ్వ. పంచలో గంప పెట్టుకుని వుడకేసిన శనగలు అమ్మిన ముసలిది. అప్పులన్నీ మిగుల్చుకుని పోయింది పాపం! అర్ధరాత్రి వచ్చి పేరుపేరునా బాకీలు పిలుస్తుందట. ఈవిణ్ణి చూసి ఎవరూ భయపడేవారు కాదు. బాకీ వున్నవాళ్ళు తప్ప.

మూడో దెయ్యం మా మేనమామ.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా మామ సొగసైన మనిషి. పౌరాణిక నాటకాల్లో పద్యం ఎత్తుకుంటే పక్కవూరికి వినిపించేది. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని చెరువు కట్ట మీద తిప్పిందీ, తాటిముంజలు వేలుతో ఎట్లా తీసి తినాలో నేర్పిందీ ఆయనే. 1980ల్లో ప్రభుత్వమే వారుణివాహిని అని పేరుపెట్టి సారాను ప్యాకెట్లలో పోసి పల్లెపల్లెకూ పంపింది. ఆ పేరు పెట్టినవాడెవరోగాని భాష తెలిసినవాడే! వాహిని అంటే నదీ కదా, సేనా కదా. మా మెట్టకు నది రాలేదు, సేన వచ్చింది. కూలి డబ్బులు ఇంటికి చేరడం మానేశాయి. ప్యాకెట్టు పళ్ళతో కొరికి వూసి నడుస్తూ తాగవచ్చు గనుక అంగడిలో కూర్చోవలసిన పని కూడా లేకపోయింది. మామ పద్యాలు పోయాయి. రెండెకరాలు పోయాయి. అత్త చెవుల కమ్మలు పోయాయి. 1990 ఎండాకాలంలో ఒక తెల్లవారుఝామున చింతచెట్టు కింద పడివున్నాడు. ముప్ఫయ్యారేళ్ళు. అప్పటికి నాకు తొమ్మిదో పదో. మా అమ్మ ఏడుస్తూ బస్సెక్కడం జ్ఞాపకం వుంది.

నెల తిరక్కుండానే చింతచెట్టు కింద రాత్రిపూట పద్యం వినిపిస్తున్నదని పుకారు లేచింది. రాగం తీసి, సగంలో దగ్గు వచ్చి ఆగిపోతుందట. మా అవ్వ సాయంకాలం పూట గడపలో కూర్చుని చెరువు వైపు చెవి వొగ్గి వుండేది. "ఏం వింటున్నావే అవ్వా?" అంటే, "ఏం లేదులే" అనేది. వూరంతా ఆ చెట్టుకు భయపడితే, పుకారు నిజమైతే బాగుండునని ఆశపడిన ఒకే ఒక మనిషి ఆవిడ.

పై ఏడు నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే పేరుతో చదువుల ఉద్యమం వచ్చింది. పొలం పనులు ముగించుకుని ఆడవాళ్ళు రాత్రి బడికి పోయి పలకలు పట్టారు. మా అత్త కూడా పోయింది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. మొగుడి తాగుడు వల్ల నాశనమైన ఇల్లాలి కథ. అది చదవడానికి అక్షరాలు కావాలి గాని అర్థం చేసుకోవడానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కలిగిరి పక్కనే వున్న దూబగుంటలో తాగిన మైకంలో ఇద్దరు కూలీలు చెరువులో పడి చనిపోయారు. ఆ వూరి ఆడవాళ్ళు లేచి, సరుకు బండికి అడ్డం నిలబడి, అంగడి మూయించారు. ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మగారిని లోకం దూబగుంట రోశమ్మ అనే పిలిచింది. ఆమె 2016లో కన్నుమూశారు. దూబగుంట కథ తరువాతి వాచకంలో పాఠమయింది. ఆ పాఠం చదివిన వూరల్లా ఒక దూబగుంట అయింది. 1992 ఆగస్టులో నెల్లూరులో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ప్రభుత్వ దుకాణాలన్నారు, మళ్ళీ 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలన్నారు. ఆ కథ ముగిసిందని ఎవరూ అనరు. ఆ ప్యాకెట్టు సారా మాత్రం మా చింతచెట్టు కిందికి తిరిగి రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, కుర్రవాడు చెప్పిన లాంతరు దెయ్యాల సంగతి మా అత్తకు చెప్పాను. ఆవిడకిప్పుడు డెబ్బై. మజ్జిగ పోస్తున్నదల్లా గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఆడదెయ్యాలు యాడుండాయి నాయనా, అది మేమే గదా! పగులు మూస్తే రేత్రి జీపులో తెచ్చి దించతా వుండిరి. అందుకని కావిలి కూర్చుంటిమి. పన్నెండు మందిమి, వొంతులేసుకోని. ఇంట్లో లాంతరొకటి తీసకపోతి. తలలు దువ్వుకోను తీరికేది ఆ దినాల్లో? తాగను వచ్చినోడు దూరాన్నించి చూసి, 'అమ్మో' అని పంచె వూడిపోయేటట్టు పరిగెత్తె. వాడు చెప్పిందే ఇంత కతయ్యింది."

"చెట్టు కింద రాత్రిపూట కూర్చోవడానికి మీకు భయం వేయలేదా అత్తా? కొలత దెయ్యం వుంది, గుగ్గిళ్ళ అవ్వ వుంది..." మూడో పేరు నా నోట రాలేదు.

ఆవిడే అందుకుంది. "మీ మామ గూడా వుండాడని గదా అంటా వుండిరి. మొదటి రేత్రి బయపడితి. ఇంటా వుంటి, ఇంటా వుంటి. ఏమీ ఇనపళ్ళా. కప్పలు అరస్తా వుండె, అంతే. తెల్లారుతా వుండంగా మీ అవ్వ వచ్చి నా పక్కన కూర్చునె. పిలవకుండానే వచ్చె. ఆమె గూడా ఇంటా వుండె."

అవ్వ ప్రస్తావన రాగానే నాకు 1993 సంక్రాంతి జ్ఞాపకం వచ్చింది. మా వైపు సంక్రాంతికి పెద్దల పండుగ చేస్తారు. పోయినవాళ్ళ పేర కొత్తబట్టలు పెట్టి, ఆకు వేసి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి, తాగేవాళ్ళయితే ఒక గ్లాసు కూడా పెట్టడం ఆచారం. రెండు సంక్రాంతులు అవ్వ కొడుకు ఆకు పక్కన సారా పెట్టింది. మూడో ఏడు అంగడి లేదు. ఎక్కడినుంచయినా తెప్పిస్తానని అవ్వ. ఈ గడప లోపలికి అది రావడానికి వీల్లేదు, చచ్చినవాడి కోసమైనా సరే అని అత్త. "నా బిడ్డ దప్పికతో తిరుగుతాడే!" అని అవ్వ ఏడ్చింది. అత్త కూడా ఏడ్చింది. భోగినాటి రాత్రి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. పండగనాడు తెల్లవారుతూనే అవ్వ తానే గీసేవాడి ఇంటికి పోయి, సున్నం పూసిన లొట్టిలో ఈత నీరా తెచ్చింది. అది మత్తు కాదు గదా అన్నది. అత్త సరేనన్నది. పూజ ముగిసి ఆకు దగ్గర గ్లాసు పెట్టేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

"ఆ దినం పూజకి అంత ఆలీసం ఎందుకు చేసిందో తెల్సా మీ అవ్వ?" అన్నది అత్త, మజ్జిగ గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "లొట్టికి సున్నం పూసినారో లేదో గూడా నేను చూళ్ళా. గ్లాసు నిండా నురగ. ఆమెకి తెల్సు, నాకూ తెల్సు. నేను తల తిప్పుకోని ఎసట్లో బియ్యం పోసేదానికి లేచి పోతి."